జీతం కోసమే వస్తున్నాను

మార్చి 4

ఒరేయ్ అబ్బాయ్,

దీవెనలు చివర్లో పెడతాను, ముందు విషయం చదువు. ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకు. ఫోన్‌లో నేను రెండు మాటలు అనేలోపే "పిన్నీ, మీటింగ్‌కి టైమైంది" అంటావు. ఉత్తరాన్ని మధ్యలో ఆపలేవు కదా. జవాబు కూడా కాగితం మీదే రాయి.

సంగతేమిటంటే, సోమవారం నుంచి బస్సు డిపోలో నా బల్ల మారింది. నూట అరవై మంది డ్రైవర్లూ కండక్టర్లూ ఎవరు ఏ రోజు ఏ బస్సెక్కాలో పంతొమ్మిదేళ్ళుగా డ్యూటీ చార్టు వేసింది నేనే. పెన్సిలూ, రబ్బరూ, పొడుగాటి స్కేలూ, అదీ నా సరంజామా. ఇప్పుడా పని సాఫ్ట్‌వేర్ చేస్తోంది. నన్ను తీసుకెళ్ళి మెట్ల కింద, పోయిన వస్తువుల కౌంటర్లో కూర్చోబెట్టారు. చుట్టూ గొడుగులే. ఒక కట్టుడు పళ్ళ సెట్టు కూడా ఉంది. పళ్ళు బస్సులో మర్చిపోయి ఇంటికెళ్ళి ఏం నమిలాడో ఆ మహానుభావుడు!

మొదటి రోజు మేనేజరు నన్ను పిలిచి చూపించాడు. మీట నొక్కితే నాలుగు నిమిషాల్లో వారం చార్టు వచ్చేసింది. నేను ఏడుస్తానని మంచినీళ్ళ గ్లాసు కూడా సిద్ధంగా పెట్టుకున్నాడు. నాకు ఏడుపు రాలేదు. "దీనికి ఈ పని నేర్పినవాళ్ళకి జీతం ఎంత ఉంటుంది సార్?" అని అడిగాను. ఆయన తనకు తెలిసినంతలో చెప్పాడు. అప్పుడు తాగాను ఆ నీళ్ళు.

అందుకని నేనూ ఆ వైపుకే వస్తున్నాను. నాకు నలభై ఆరేళ్ళని నాకు తెలుసు, నువ్వు గుర్తు చేయక్కర్లేదు. మా వీధి చివర సాయంత్రం తరగతుల్లో ప్రోగ్రాములు రాయడం నేర్పుతారు. పద్దెనిమిదో తారీకున ప్రవేశ పరీక్ష. ఎందుకు చేరుతున్నావని అందరూ అడుగుతారు. జీతం కోసం. అదే చెబుతాను. నువ్వు చేరిన రోజు మీ అమ్మ "మావాడికి ఎంత జీతమో తెలుసా" అని ఇల్లిల్లూ తిరిగింది. నీకు లేని సిగ్గు నాకెందుకు?

మీ బాబాయి సంగతి తెలుసుగా, ఇరవై ఏళ్ళుగా బస్సుల కింద పడుకుని నట్లు బిగించే మనిషి. వినగానే "చేరు, నీకు జీతం వచ్చాక నేను బస్సుల పైన కూర్చుంటాను" అన్నాడు.

మొదట ఏది నేర్చుకోవాలో రాసి, మంచి పుస్తకం ఒకటి పంపు. పరీక్ష అయ్యేదాకా మీ అమ్మకి చెప్పకు.

దీవెనలు, అడిగినవి పంపితే ఇంకాసిని.
మీ పిన్ని

మార్చి 12

పిన్నికి,

ఉత్తరం రాసి ఎన్నేళ్ళయిందో. రెండు కాగితాలు చింపేసి ఇది మూడోసారి రాస్తున్నాను.

ముందే చెప్పేయాల్సిన మాట ఒకటుంది. మీ డిపోకి ఆ సాఫ్ట్‌వేర్ అమ్మింది మా కంపెనీయే. అందులో చార్టు వేసే భాగం రాసింది నా టీమే. నీ ఉత్తరం వచ్చాక వాకబు చేసేదాకా అది మీ డిపోకి వెళ్ళిందని నాకు తెలియదు, ఒట్టు. నా మీద కోపంతోనే ఈ పంతం పట్టావా? అలాగైతే సూటిగా తిట్టు, పడతాను.

కానీ ఈ కోర్సు మాత్రం వద్దు. ఇక్కడందరూ ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ పిల్లలు. వాళ్ళ వేగం వేరు. నాకు ఇరవై తొమ్మిదొస్తేనే "పెద్దాయన" అంటున్నారు. వాళ్ళ మధ్య నిన్ను ఊహించుకోలేకపోతున్నాను. ఇంట్లో ఇబ్బందిగా ఉంటే నాతో చెప్పు, నెలనెలా నేను పంపుతాను. ఈ నెలకి చెక్కు ఇందులో పెట్టాను.

అమ్మకి చెప్పొద్దన్నావు. నిన్న ఫోన్‌లో నోరు జారింది. నీతో మాట్లాడటానికి వస్తానంది.

పుస్తకం పంపడం లేదు. తప్పుగా అనుకోకు పిన్నీ.

నీ మేలు కోరే
అబ్బాయి

మార్చి 24

టీమ్ లీడరుగారికి,

చెక్కు తిప్పి పంపుతున్నాను. నేను ఉద్యోగం అడిగాను, పెన్షన్ అడగలేదు.

మీ అమ్మ వచ్చింది. నా వంటింట్లో పీట వేసుకుని గంటసేపు ఏడ్చింది. "నీ మొగుడు నిన్ను సరిగ్గా చూసుకోవడం లేదా చెల్లీ?" అంటుంటే సరిగ్గా అప్పుడే ఆయన గ్రీజు చేతులతో లోపలికొచ్చాడు. ఆ తర్వాత రెండు రోజులు ఆయన్ని ఓదార్చడానికే సరిపోయింది.

నీ ఉత్తరంలో ఒక్క ముక్క మాత్రం నాకు బాగా అర్థమైంది. వాళ్ళ మధ్య నన్ను ఊహించుకోలేవు. అంటే "ఈవిడ మా పిన్ని" అని పదిమందిలో చెప్పడానికి నీకు నామోషీ. చార్టు పోయినందుకు నీ మీద కోపం లేదురా, నిజంగా లేదు. ఈ మాటకి మాత్రం కడుపు మండింది.

ఇక నువ్వు సంతోషపడే కబురు. పరీక్ష పోయింది. లెక్కల భాగం బాగానే రాశాను. చివర్లో ఎక్కువ మార్కులున్న ప్రశ్న ఒకటిచ్చారు. ఎ, బి, సి, డి, ఇ అని అయిదుగురు పనివాళ్ళు, రోజుకి మూడు షిఫ్టులు, షిఫ్టుకి ఇద్దరు, ఎవరికి ఏ రోజు సెలవో ముందే రాసుంది, ఏ షిఫ్టూ ఖాళీ ఉండకూడదు, వారం చార్టు వెయ్యాలి. ఇదేమిటి, నా కోసమే ఇచ్చారా అనుకున్నాను. వేసుకుంటూ పోతే ఇద్దరికి సెలవున్న గురువారం దగ్గర ఇరుక్కుంది. రాత్రి డ్యూటీ దిగిన సి, ఆ పొద్దున్నే మళ్ళీ ఎక్కాలి. అటు తిప్పాను, ఇటు తిప్పాను, ఎవరో ఒకరు నలిగిపోతున్నారు. పెన్ను కింద పెట్టి ఆలోచించి చివరికి ఇలా రాశాను: "ఈ చార్టు వేయకూడదు. సి ఎప్పుడు పడుకుంటాడు? ఆరో మనిషిని పెట్టుకోండి."

సున్నా ఇచ్చారు. మూడు మార్కుల్లో సీటు పోయింది. మీ బాబాయి విని పడీ పడీ నవ్వి, "ఆ సి ఎవడే, మన డిపోవాడా?" అన్నాడు.

నేను ఊరుకుంటాననుకున్నావా? ఆ తరగతులు నడిపే ఆయనకి రెండు పేజీల ఉత్తరం రాసి పడేశాను.

దీవెనలు ఈసారి లేవు.
పిన్ని

ఏప్రిల్ 2

పిన్నికి,

నామోషీ కాదు. దయచేసి ఆ మాట మళ్ళీ అనకు.

నేను రాసింది ఒకటి, నువ్వు చదువుకున్నది ఒకటి. నాకుండేది భయం. మా పాత మేనేజరుకి నలభై నాలుగేళ్ళు. మంచి పనిమంతుడు. పోయిన నెల ఒక శుక్రవారం పన్నెండింటికి పిలిచి పంపేశారు. అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని పార్కింగ్‌లో తన కారులో చాలాసేపు కూర్చున్నాడు. మేమంతా కిటికీలోంచి చూశాం కానీ ఒక్కడూ కిందికి దిగలేదు. నేనూ దిగలేదు. ఆ కారులో నిన్ను చూడలేను, అదీ నేను చెప్పబోయింది.

ఇక పరీక్ష సంగతి. అక్కడే పొరపాటు చేశావు పిన్నీ. ప్రశ్నతో పోట్లాడకూడదు. కొనేవాళ్ళు షరతులు చెబుతారు, వాటికి లోబడి మనం చేసి ఇస్తాం. సి పడుకున్నాడా లేదా అన్నది మన పని కాదు. ఈ తేడా నీకు పట్టుబడదేమోనని నా అనుమానం.

ఒక సందేహం. ఒక డ్యూటీకీ ఇంకో డ్యూటీకీ మధ్య నువ్వు ఎన్ని గంటలు వదిలేదానివి? మా దాంట్లో దానికో గడి ఉంది. మీ డిపో వాళ్ళు అందులో ఏం నింపారో తెలుసా?

అబ్బాయి

ఏప్రిల్ 11

అబ్బాయ్,

ఎనిమిది గంటలు. దూరం బస్సయితే పది. ఎక్కడా రాసి లేదు, పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

రాయనివి ఇంకా చాలా ఉన్నాయి. పొడుగు డ్రైవరని ఒకాయనకి షుగరు, మధ్యలో దిగి తినడానికి వీలున్న రూటే ఇవ్వాలి. ఇద్దరు బావాబావమరుదులున్నారు, ఒకడు డ్రైవరు, ఒకడు కండక్టరు. వాళ్ళని ఒకే బస్సులో వేస్తే ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. "ఆపమని ఆ డ్రైవరుకి చెప్పండి" అని ప్రయాణికులతో చెప్పిస్తాడు కండక్టరు. కొత్తగా బిడ్డ పుట్టినవాళ్ళకి ఆరు నెలలు తెల్లవారుజాము బస్సు వెయ్యను. ఇవన్నీ నీ గడుల్లో ఎక్కడున్నాయి?

నవ్విస్తున్నాను కానీ నాకు నవ్వు రావడం లేదు. పోయిన బుధవారం పొడుగు డ్రైవరు రాత్రి బస్సు దిగింది పావుతక్కువ అయిదింటికి. మళ్ళీ ఆరున్నర బస్సు కూడా ఆయనకే వేసింది మీ చార్టు. డిపో గేటు దాటుతుండగా కన్ను మూతపడి స్తంభానికి గుద్దేశాడు. ఇంకా ఎవరూ ఎక్కలేదు కాబట్టి సరిపోయింది. ఆయన కుడి మణికట్టు విరిగింది. ఆసుపత్రికి వెళ్ళి చూసొచ్చాను. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో గీత పడని మనిషి, కట్టు చేయి దుప్పటి కింద దాచుకుంటున్నాడు. మనిషి పొరపాటని ఆయనకి చార్జిషీటు ఇచ్చారు.

మేనేజరు గదికి వెళ్ళి ఆ గడి చూపించమన్నాను. ఖాళీగా ఉంది. ఖాళీగా ఉంటే సున్నా అని తీసుకుంటుందట. నాకొక్కటి చెప్పు. ఆ గడి ఖాళీగా వదిలినా పరవాలేదని నిర్ణయించిన పెద్దమనిషి ఎవరు?

తరగతులాయన జవాబిచ్చాడు. ఆ ప్రశ్న తీసేశారట. నన్ను చేర్చుకున్నారు. వారం నుంచి వెళ్తున్నాను. పక్క కుర్చీ అమ్మాయి నన్ను "ఆంటీ" అంటుంది, నేను తన ప్రోగ్రాములో తప్పులు వెతికిపెడతాను, ఇద్దరికీ బాగానే ఉంది.

జవాబు రాయి.
పిన్ని

ఏప్రిల్ 19

పిన్నికి,

నేనే.

ఆ గడి తప్పనిసరి అని మొదట మా టీములో ఒకమ్మాయి రాసింది. అమ్మేవాళ్ళు తొందర పెట్టారు, తప్పనిసరి గడులు ఎక్కువైతే కొనేవాళ్ళు విసుక్కుంటారన్నారు. ఆ తప్పనిసరన్నది నేను తీసేయించాను. ఒక్క నిమిషం పని. ఇంకో ఆలోచన కూడా రాలేదు నాకు. నీ ఉత్తరం చదివి ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆయన కుడిచేత్తో ఇక స్టీరింగ్ పట్టగలడా? రాయి.

జరిగింది మా పైవాళ్ళకి చెప్పాను. ఇంకో పదకొండు డిపోలు అదే గడి ఖాళీగా వదిలాయని తేలింది. అందరూ కంగారు పడ్డారు. ఆ రాయని నియమాలన్నీ తెలిసిన మనిషి ఒకరున్నారని నీ సంగతి చెప్పాను. వాళ్ళు ఎగిరి గంతేశారు. మీ ఊళ్ళో ఉన్న మా ఆఫీసులోనే మూడు నెలలు కూర్చోవాలట, నువ్వు చెబుతుంటే మా పిల్లలు రాసుకుంటారు. డిపోలో ఇచ్చేదానికి రెట్టింపు ఇస్తారు.

నువ్వు అడిగిందే కదా పిన్నీ ఇది? ఒప్పుకో. నేనే దగ్గరుండి మాట్లాడాను.

అబ్బాయి

ఏప్రిల్ 25

నాన్నా,

ముందు పొడుగు డ్రైవరు గురించి. కట్టు విప్పాక గానీ చెప్పలేమన్నారు. నువ్వు "నేనే" అని ఒప్పుకున్నావు చూడు, అందుకు నీ మీద నాకున్న కోపంలో సగం పోయింది. మిగతా సగం ఉంది, దాచను.

ఇప్పుడు మీ వాళ్ళ మాట. నా తలలో ఉన్నదంతా మూడు నెలలు కూర్చోబెట్టి తోడుకుంటారు. నాలుగో నెల నన్ను మళ్ళీ గొడుగుల దగ్గరికి పంపుతారు. ఆ కారులో నన్ను చూడలేనన్నవాడివి, ఈసారి దగ్గరుండి కారు తలుపు తీస్తున్నావా? వాళ్ళ మనిషివైపోయావురా నువ్వు.

ఒప్పుకోను. నేను చెబితే ఇంకొకరు రాయడం కుదరదు. నేనే రాస్తాను. రాయడం ఇంకా సరిగ్గా రాదు, నేర్చుకుంటున్నాను, రోజూ తప్పులు చేస్తున్నాను, ఇంకో ఆరు నెలలు చేస్తాను. మీ ఇరవై రెండేళ్ళ పిల్లలకి మాత్రం డిపో గురించి ఏం తెలుసు? వాళ్ళకి జీతమిచ్చి నేర్పించడం లేదూ? నాకు పర్మనెంటు ఉద్యోగం కావాలి. నీలాంటి పనికి నీలాంటి జీతం కావాలి. పొడుగు డ్రైవరు మీద చార్జిషీటు తీసేసేలా, తప్పు ప్రోగ్రాముదని మీ దగ్గర్నుంచి కాగితం కావాలి. ఇవి ఇస్తే సోమవారమే వస్తాను. ఇవ్వకపోతే నా ఎనిమిది గంటలు నా దగ్గరే ఉంటాయి.

నీ జీతమెంతో నాకు తెలియదు. మీ అమ్మ వీధికో అంకె చెబుతుంది. నిజం నువ్వు చెప్పు. అడగకూడదంటావేమో, అడుగుతున్నాను.

పిన్ని

మే 3

పిన్నికి,

నీకు నచ్చజెప్పి ఉత్తరం రాయమని మా పైవాళ్ళు రోజూ నా బల్ల దగ్గరికి వస్తున్నారు. రాస్తున్నానని చెప్పాను. రాస్తున్నది ఇది.

తక్కువకి ఒప్పుకోకు.

పోయిన నెల నా జీతం స్లిప్పు ఇందులో పెట్టాను. దీన్ని ఎవరికీ చూపించకూడదని చేరినప్పుడే మా చేత సంతకం పెట్టించుకుంటారు. పక్క కుర్చీవాడిది ఎంతో నాకు తెలియదు, నాది వాడికి తెలియదు. అంకె గుర్తు పెట్టుకుని కాగితం చింపెయ్. పన్నెండో తారీకున మీ ఊరి ఆఫీసులో నిన్ను ఇంటర్వ్యూకి పిలుస్తారు.

డ్రైవరుగారి కాగితం నేనే రాసి, కింద నా సంతకం పెట్టి డిపో మేనేజరుకి పంపేశాను. ఇక్కడ ఎవర్నీ అడగలేదు. అడిగితే వద్దంటారు.

వాళ్ళ మనిషినన్నావు. ఆ మాట గుచ్చుకుంది.

అబ్బాయి

మే 13

నా తండ్రీ,

ఎలా చెప్పాలో తెలియడం లేదు. నీ ఉద్యోగానికి నేనే ఎసరు పెట్టాను.

జరిగింది జరిగినట్టు రాస్తాను. ఏసీ చలికి చేతులు కొంగులో దాచుకుని కూర్చున్నాను. ఎదురుగా ముగ్గురు. హెచ్చార్ ఆవిడ నవ్వుతూ "ఈ వయసులో ఈ రంగంలోకి ఎందుకు రావాలనుకుంటున్నారు?" అంది. "జీతం కోసమండీ" అన్నాను. ఆవిడ నవ్వు ఆగిపోయింది. "ఇంకేమీ లేదా?" అంది. "మీరు ఎందుకు వస్తున్నారు?" అన్నాను. మూలకి కూర్చున్న ఆయన దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

తర్వాత పని గురించి అడిగారు. గంటన్నర చెప్పాను. బోర్డు మీద చార్టు వేసి చూపించాను. నేను రాసిన చిన్న ప్రోగ్రాము చూపిస్తే అందులో రెండు తప్పులు పట్టారు, మూడోది నేనే పట్టుకున్నాను. అంతా బాగుంది. చివరికొచ్చి "పర్మనెంటే ఇస్తాం. కానీ ఈ రంగంలో మీకు అనుభవం సున్నా కదా" అని ఒక అంకె చెప్పారు. డిపో జీతం కన్నా కాస్త ఎక్కువ, అంతే.

సున్నా అన్న మాట వినేసరికి నాకు ఒళ్ళు తెలియలేదు. బ్యాగులోంచి నీ స్లిప్పు తీసి బల్ల మీద పెట్టాను. చింపకుండా దాచుకున్నాను, అంకె మర్చిపోతానేమోనని. "విశ్రాంతి గడి ఖాళీగా వదలనిచ్చినవాడికి ఇది ఇస్తున్నారు. దాన్ని ఎందుకు నింపాలో తెలిసినదానికి అదా?" అన్నాను.

ఆవిడ కాగితం మీద నీ పేరు చదివింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, చింపెయ్ అన్నావని. చేయి చాచాను, అప్పటికే ఆవిడ దాన్ని ఫైల్లో పెట్టేసుకుంది. కబురు చేస్తాం అన్నారు.

పంతొమ్మిదేళ్ళు ఎవరి డ్యూటీ పాడు చేయకుండా చార్టు వేశాను. సొంత అక్క కొడుకు ఉద్యోగం ఒక్క నిమిషంలో పాడు చేశాను. నేను నీ సంచిలోంచి దొంగిలించానని చెప్పు. నేను వచ్చి అదే మాట రాసిస్తాను. నా ఉద్యోగం మాట మర్చిపో, అది రాకపోయినా పరవాలేదు. నీది నిలబెట్టుకో.

మీ అమ్మకి ఇంకా తెలియదు.
పిన్ని

మే 20

పిన్నికి,

ఏడవకు. ఉత్తరం మీద సిరా రెండు చోట్ల చెదిరింది, చూశాను.

సోమవారం నన్ను పిలిచారు. స్లిప్పు బల్ల మీద ఉంది. చాలా మర్యాదగా మాట్లాడారు. "మీకు తెలియకుండా ఆవిడ తీసుకున్నారని రెండు వాక్యాలు రాసివ్వండి, ఇంతటితో వదిలేద్దాం" అన్నారు. కాగితం, పెన్ను ముందుకు తోశారు. నువ్వు చెప్పమన్న అబద్ధమే వాళ్ళూ అడిగారు.

నేను రాసిచ్చింది ఇది: "స్లిప్పు నేనే ఇచ్చాను. అడిగితే మళ్ళీ ఇస్తాను."

బయటికొచ్చి కూర్చున్నాక, ఆ గడి తప్పనిసరని మొదట రాసిన అమ్మాయి నా దగ్గరికొచ్చింది. మేమిద్దరం ఒకే రోజు చేరాం. "నీది ఎంత?" అని అడిగింది. చెప్పాను. తనది చెప్పింది. తేడా విని నాకు మొహం చెల్లలేదు. మధ్యాహ్నానికి మా వరుసలో తొమ్మిది మంది బల్లల మీద స్లిప్పులు పెట్టుకుని కూర్చున్నారు. సాయంత్రానికి పై అంతస్తుకి పాకింది.

నన్ను ఉంచుతారో పంపుతారో నెలాఖరుకి తెలుస్తుంది. భయంగానే ఉంది, లేదని అబద్ధం చెప్పను. కానీ పిలిచి పంపేస్తే నేను ఒంటరిగా కారులో కూర్చోను, అది మాత్రం ఖాయం. ఈ మాట వాళ్ళూ గ్రహించినట్టున్నారు.

నీకు ఆఫర్ లెటర్ రేపో మాపో చేరుతుంది. అందులో నా అంకె ఉంది, ఒక్క రూపాయి తగ్గకుండా. వాళ్ళకేదో జ్ఞానోదయమైందని అనుకోకు. గడి బాగు చేసేదాకా డబ్బు కట్టమని పన్నెండు డిపోలూ మొండికేశాయి, నిన్ను మించిన మనిషి వాళ్ళకి దొరకలేదు. డ్రైవరుగారి చార్జిషీటు తీసేశారని మీ మేనేజరు ఫోన్ చేసి చెప్పాడు.

సంతకం పెట్టేముందు అన్ని పేజీలూ చదువు. నాలుగో పేజీలో, జీతం ఎవరికీ చెప్పకూడదని ఒక వాక్యం ఉంటుంది. దాన్ని అడ్డంగా కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టు. ఆ తర్వాతే కింద పెద్ద సంతకం పెట్టు.

మీ అక్క కొడుకు